చెరగని రికార్డులు, తెగని వాదనలు

క్లీవ్‌లాండ్‌లో దిగిన కొత్తల్లో నాకు బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. ఉక్కు మిల్లులో ఉద్యోగం. మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పే వేళకు అక్కడి పాతకాపులు పేపరు పరిచేసి, ముందురోజు ఆట స్కోరు పట్టిక మీద వేలు పెట్టి వాదులాడుకునేవాళ్లు. రూత్ గొప్పా, మేస్ గొప్పా? డిమాజియో 56ని దాటే మొనగాడు పుడతాడా? గవాస్కరా విశ్వనాథా అని టీకొట్టు దగ్గర గొంతు చించుకుని వచ్చినవాణ్ణి కదా, ఆట అర్థం కాకపోయినా గొడవ మాత్రం మొదటిరోజే అర్థమైంది.

తర్వాత ఆటా అర్థమైంది, పిచ్చీ పట్టింది. ఇప్పుడు ఉద్యోగం లేదు, వాదన మిగిలింది. ఇక్కడే పుట్టి లిటిల్ లీగ్ ఆడిన మన పిల్లల పిల్లలు ఫోన్లో లెక్కలు తీసి మరీ నా మీదకు వస్తున్నారు. వాళ్ల కోసం, వాళ్లతో వాదించలేక నోరు మూసుకునే నా తోటి తాతల కోసం ఈ నాలుగు ముక్కలు.

1. “ఎప్పటికీ చెరగదు” అంటే, ఎందుకు చెరగదో ముందు అడగండి

సై యంగ్ గెలుపులు 511. మా ఒహాయో రాష్ట్రపు రైతుబిడ్డ. 1890లో మొదలుపెట్టి 1911 దాకా బంతి విసిరాడు. బేస్‌బాల్‌లో గెలుపు జట్టుదే అయినా ఒక పిచ్చర్ ఖాతాలో కూడా రాస్తారు. రెండో స్థానంలో ఉన్న వాల్టర్ జాన్సన్‌కి 417. ఏడాదికి 25 చొప్పున ఇరవై ఏళ్లు గెలుచుకుంటూ పోయినా 500 దగ్గరే ఆగుతాం, ఇంకా పదకొండు బాకీ. ఇప్పుడు ఏడాదికి 20 గెలిస్తేనే ఊరేగింపు. ఆఖరుగా 300 చేరుకున్నవాడు రాండీ జాన్సన్, 2009లో.

సరే, చెరగదు. అంతమాత్రాన యంగ్ చెయ్యి ఇనుముతో పోత పోశారని కాదు. ఆ కాలంలో జట్టుకు పిచ్చర్లు కొద్దిమందే. రెండు మూడు రోజులకోసారి దిగాలి, మొదలుపెట్టిన ఆట తామే ముగించాలి. బంతి మెత్తబడి, మట్టికొట్టుకుని నల్లబడినా అదే బంతి. హోమ్ రన్‌లు అరుదు. అందుకని ప్రతి బంతికీ ప్రాణం పెట్టక్కర్లేదు, బేస్‌ల మీద మనుషులు నిలబడ్డప్పుడు జోరు పెంచితే చాలు. యంగ్ అలా తానే మొదలెట్టి తానే ముగించిన ఆటలు 749. ఈమధ్య సీజన్లలో 30 జట్లూ కలిపి అలాంటివి 40 కూడా ఉండటం లేదు. ఇప్పుడు ఐదుగురు వంతులేసుకుంటారు. ఒక్కొక్కడికి ఏడాదికి ముప్పై, ముప్పై రెండు ఆటలు. వంద బంతులు దాటేసరికి మేనేజరుకు చెమటలు పడతాయి. విసిరే ప్రతి బంతీ పూర్తి జోరుతో విసరాలి కనుక మోచేతులు పోతున్నాయి. కోట్ల డాలర్లు పోసిన చేతిని ఎవడు పణంగా పెడతాడు? అన్నట్టు, ఎక్కువ ఓటముల రికార్డు కూడా యంగ్‌దే, 315. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇంతకంటే గట్టి రికార్డు ఒకటి మా ఊళ్లోనే ఉంది. 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ అనే జట్టు 20 ఆటలు గెలిచి 134 ఓడింది. జట్టు యజమానులు రాబిసన్ సోదరులు అదే ఏడాది సెయింట్ లూయిస్ జట్టును కూడా కొనేసి, సై యంగ్‌తో సహా మంచివాళ్లందరినీ అక్కడికి తరలించారు. ఇక్కడ మిగిలినవాళ్ల ఆట చూడటానికి జనం రారు. టికెట్ల డబ్బులో వాటా రైలు ఛార్జీలకు కూడా చాలదని బయటి జట్లు క్లీవ్‌లాండ్ రావడం మానేశాయి. దాంతో స్పైడర్స్ ఊరూరా తిరిగి ఆడారు, ఊరూరా ఓడారు. పరాయి మైదానాల్లో 101 ఓటములు. ఇవాళ ఏ జట్టయినా సీజన్‌లో బయట ఆడేవే 81 ఆటలు. అన్నీ ఓడినా 101 రాదు! చెరగని రికార్డు అంటే దీన్ని చెప్పండి. గొప్పతనానికీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

2. దారి తెరిచే ఉన్నా ఎవరూ చేరలేని రికార్డుకే నా దండం

జో డిమాజియో 1941 మే 15న మొదలుపెట్టి జులై 16 దాకా వరసగా 56 ఆటల్లో కనీసం ఒక్క హిట్ అయినా కొట్టాడు. ఎవరి తప్పిదం వల్లా కాకుండా, తాను కొట్టిన దెబ్బతో క్షేమంగా బేస్ చేరితే అది హిట్. ఈ రికార్డుకు దారి ఎవరూ మూయలేదు. ఇవాళ కూడా ప్రతి బ్యాటరుకూ రోజూ నాలుగైదు అవకాశాలు వస్తున్నాయి. ఆ రెండు నెలలు డిమాజియోకీ అన్నే వచ్చాయి. అయినా ఆ తర్వాత దగ్గరికొచ్చినవాడు పీట్ రోజ్ ఒక్కడే. 1978లో 44 దగ్గర ఆగిపోయాడు. దగ్గరంటే పన్నెండు ఆటల దూరం.

నాలో ఇంజనీరు ఊరుకోడు కనుక ఒక లెక్క వేస్తాను. ఒక మహా బ్యాటరు పది ఆటల్లో ఎనిమిదింటిలో హిట్ కొడతాడనుకుందాం. అది ఉదారమైన అంచనాయే. అలాంటివాడు ఫలానా రోజు మొదలుపెట్టి వరసగా 56 ఆటలు లాగే అవకాశం సుమారు 2,70,000లో ఒకటి. పదింటిలో ఏడున్నర అనుకుంటే కోటిలో ఒకటి.

ఆ వరస తెగింది మా ఊళ్లోనే. జులై 17 రాత్రి, సరస్సు ఒడ్డున ఉండే పాత మునిసిపల్ స్టేడియంలో, 67,468 మంది జనం. మూడో బేస్ దగ్గర కెన్ కెల్ట్‌నర్ అనేవాడు బాగా వెనక్కి, గీతకు ఆనుకుని నిలబడ్డాడు. మొదటి ఇన్నింగ్స్‌లో డిమాజియో బలంగా కొట్టిన బంతి అతని కుడివైపు నుంచి దూసుకుపోబోతే చెయ్యి తిప్పి అందుకుని, గీత అవతల నుంచి మొదటి బేస్‌కి విసిరాడు. ముందురోజు వాన వల్ల నేల తడి, బ్యాటరు పరుగు ఒక్క అర క్షణం మందగించింది. ఔట్. ఏడో ఇన్నింగ్స్‌లో అచ్చు అదే దెబ్బ, అదే పట్టు, అదే ఔట్. మధ్యలో ఒకసారి నాలుగు బంతులు దూరంగా విసిరి నడిపించారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆఖరి అవకాశం. బంతి గులకరాయి తగిలినట్టు ఎగిరింది గానీ షార్ట్‌స్టాప్ లూ బౌడ్రో వదల్లేదు, డబుల్ ప్లే అయింది. మర్నాటి నుంచి డిమాజియో మళ్లీ మొదలుపెట్టి ఇంకో 16 ఆటలు వరసగా కొట్టాడు.

అదృష్టం లేదా? ఉంది. వరస సాగే రోజుల్లో న్యూయార్క్‌లో ఒక బంతి షికాగో ఆటగాడు ల్యూక్ ఆప్లింగ్ భుజానికి కొట్టుకుంటే స్కోరరు దాన్ని హిట్ అని రాశాడు, తప్పిదం అని రాసినా రాయొచ్చు. అదృష్టం కలిసిరాకుండా 56 రాదు. అదృష్టం ఒక్కదానితోనూ రాదు.

3. పాతవాళ్లు చేసింది కొత్తవాళ్లు చేయలేకపోతే, కొత్తవాళ్లు చేతకానివాళ్లని కాదు

అదే 1941లో టెడ్ విలియమ్స్ సగటు .406. వెయ్యి అవకాశాలకు 406 హిట్‌ల లెక్కన అన్నమాట. సీజన్ ఆఖరి రోజు పొద్దున అతని సగటు .39955. ఆడకుండా కూర్చుంటే .400గా సర్ది రాసేవాళ్లు. కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు ఆటలూ ఆడి ఎనిమిదింటికి ఆరు కొట్టాడు. నాకు బేస్‌బాల్‌లో అన్నిటికంటే ఇష్టమైన రోజు అది, పుట్టకముందుదే అయినా.

ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల్లో .400 కొట్టినవాడు లేడు. 1980లో జార్జ్ బ్రెట్ .390. 1994లో టోనీ గ్విన్ .394 మీద ఉండగా ఆగస్టులో సమ్మె వచ్చి సీజనే పోయింది. మా తరంవాళ్లు వెంటనే “ఈ కాలం కుర్రాళ్లకు ఆ పట్టుదల లేదు” అని మొదలుపెడతారు.

స్టీఫెన్ జే గూల్డ్ అని హార్వర్డ్‌లో శిలాజాల శాస్త్రవేత్త ఉండేవాడు. పరిణామవాదం మీద రాసిన చేత్తోనే బేస్‌బాల్ మీదా రాశాడు. దీన్ని తిరగేసి చూపించాడు. ఆయన రాసేనాటికి లీగు మొత్తం సగటు దశాబ్దాలుగా .260 చుట్టుపక్కలే తిరుగుతూ వచ్చింది. మారింది ఆటగాళ్ల మధ్య తేడా. ఒకప్పుడు మంచి పిచ్చరుతో పాటు నాసిరకం పిచ్చర్లూ ఎదురయ్యేవాళ్లు, గొప్పవాడు వాళ్ల మీద పండగ చేసుకునేవాడు. ఇప్పుడు ఆఖరి వాడు కూడా గట్టివాడే. అందరూ పైకి లేచేసరికి అందరికంటే అంత ఎత్తున కనపడటం ఎవరితరమూ కావడం లేదు. .400 మాయమవడం ఆట బాగుపడిందనడానికి గుర్తు అంటాడాయన. క్రికెట్ తెలిసినవాళ్లు బ్రాడ్‌మన్ 99.94ని ఈ కళ్లద్దాలతో ఒకసారి చూడండి. ఆయన విలువ తగ్గదు, ఇప్పటివాళ్ల మీద చిన్నచూపు మాత్రం తగ్గుతుంది.

4. రికార్డు పుస్తకం శిలాశాసనం కాదు

1910లో మా జట్టు పేరు ‘నాప్స్’, తమ గొప్ప ఆటగాడు నెపోలియన్ లాజ్వే పేరు మీద పెట్టుకున్నది. ఆ ఏడాది అత్యధిక సగటు ఉన్నవాడికి చామర్స్ కంపెనీ కారు బహుమతి అంది. డెట్రాయిట్ టై కాబ్, మా లాజ్వే పోటీ. కాబ్ అంటే ఆటగాళ్లలో చాలామందికి ఒళ్లుమంట. ఆఖరి రోజు సెయింట్ లూయిస్‌లో రెండు ఆటలు. అక్కడి జట్టు మూడో బేస్ కుర్రాణ్ణి ఎంతో వెనక్కి నిలబెట్టింది. లాజ్వే మెల్లగా బంతిని తట్టి పరుగెత్తడం, హిట్ అని రాయించుకోవడం. ఎక్కువగా అలాంటివే, రోజంతా కలిపి ఎనిమిది హిట్‌లు. పెద్ద గొడవైంది, సెయింట్ లూయిస్ మేనేజరు ఉద్యోగం ఊడింది, లీగు పెద్దలు కాబ్‌కే పట్టం కట్టారు. కంపెనీవాళ్లు తెలివిగా ఇద్దరికీ చెరో కారు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. డెబ్బై ఏళ్ల తర్వాత పాత చిట్టాలు తిరగేసిన గణాంకాల పిచ్చివాళ్లకు కాబ్ ఆడిన ఒక ఆట రెండుసార్లు ఎక్కిందని తేలింది. అంటే ఆ ఏడాది సగటులో లాజ్వేయే పైన. కాబ్ జీవితమంతా కొట్టిన హిట్‌లలో కూడా 4,191 అని ఊరంతా జపించిన అంకె 4,189కి దిగాలి. 1981లో కమిషనర్ బౌయీ కూన్ మార్చనన్నాడు. 1985లో పీట్ రోజ్ దాటినప్పుడు లోకం పండగ చేసుకున్నది 4,191నే. అసలు లెక్క ప్రకారం అతను అప్పటికి మూడు రోజుల ముందే దాటేశాడు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

హ్యాక్ విల్సన్ ఒక సీజన్లో జట్టుకు 190 పరుగులు రాబట్టాడని (1930) నేను బట్టీ పట్టాను. 1999లో దాన్ని 191 చేశారు. అప్పటికి ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది.

5. ఆడనివ్వని వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున దిగేదాకా నల్లవాళ్లకు పెద్ద లీగుల్లో చోటు లేదు. వాళ్ల లీగులు వాళ్లకు ఉండేవి. జాష్ గిబ్సన్ అనే మహా బ్యాటరు వాటిలో ఆడాడు. రాబిన్సన్ దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే పోయాడు. 2024లో మేజర్ లీగ్ పెద్దలు నీగ్రో లీగుల గణాంకాలను తమ పుస్తకంలో కలిపారు. దాంతో జీవితకాల సగటులో కాబ్‌ను పక్కకు జరిపి గిబ్సన్ .372తో మొదటి స్థానానికి వచ్చాడు.

నాకు తెలిసిన ముసలివాళ్లు కొందరు గింజుకున్నారు. వాళ్ల సీజన్లు పొట్టివి, లీగు ఆటలు సాధారణంగా అరవై డెబ్బైకి మించవు, పోలికేమిటి అని. లెక్క వరకు ఆ అభ్యంతరం నిజమే. మరి కాబ్, రూత్ తమ జీవితమంతా సాచెల్ పేజ్ లాంటి పిచ్చరును లీగులో ఒక్కసారి కూడా ఎదుర్కోకుండా కొట్టిన హిట్‌ల సంగతేమిటి? పేజ్‌ను 1948లో క్లీవ్‌లాండ్ తెచ్చుకుంది, 42వ ఏట. ఆ వయసులో కొత్తగా చేరి, ఆ ఏడాది జట్టు ప్రపంచ సిరీస్ గెలవడానికి చెయ్యి వేశాడు. పాతికేళ్ల పేజ్ ఎలా విసిరేవాడో మనం లెక్క కట్టలేం. పుస్తకంలో ఖాళీ ఇద్దరి వైపూ ఉంది.

యుద్ధం తిన్న ఏళ్లు కూడా ఇలాంటివే. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే మా బాబ్ ఫెలర్ నౌకాదళంలో చేరిపోయాడు. దాదాపు నాలుగు సీజన్లు పోయాయి. 266 గెలుపుల దగ్గర ఆగిన మనిషిని 300 లేవని తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

6. లేని నక్షత్రం గురించి కొట్టుకోకండి, ఉన్నదాన్ని చూడండి

1961లో రోజర్ మారిస్ 61 హోమ్ రన్‌లు కొట్టి బేబ్ రూత్ 60ని దాటాడు. రూత్ కాలంలో సీజన్ 154 ఆటలు, మారిస్‌కి 162. కాబట్టి రెండూ వేర్వేరుగా రాయాలన్నాడు కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్. ఈ ఫ్రిక్ ఒకప్పుడు రూత్ పేరు మీద వ్యాసాలు రాసిపెట్టిన విలేకరి. మారిస్ అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉందని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పేవాళ్లున్నారు. అలాంటి గుర్తు అధికారికంగా ఎప్పుడూ లేదు. ఆ ఏడాది ఒత్తిడికి అతని జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది, అది నిజం.

నిజమైన నక్షత్రం ఇంకోచోట ఉంది. హ్యాంక్ ఆరన్ జీవితకాలపు 755 హోమ్ రన్‌లను దాటుతూ 2007లో బారీ బాండ్స్ కొట్టిన 756వ హోమ్ రన్ బంతిని ఒక ఫ్యాషన్ వ్యాపారి ఏడున్నర లక్షల డాలర్లకు కొని, ఏం చేయాలో జనాన్ని ఓటు అడిగి, బంతి మీద నక్షత్రం చెక్కించి కూపర్స్‌టౌన్ మ్యూజియానికి ఇచ్చాడు. బంతి లోపల ఉంది. ఉత్ప్రేరకాల అనుమానంతో బాండ్స్‌కి మాత్రం అక్కడి ఘనుల గోడ మీద ఫలకం దక్కలేదు. అతని 762 పుస్తకంలో ఉంది, ఒప్పుకుంటాను. నా నోట మాత్రం ఇంకా 755 అనే వస్తుంది. రూత్ 714ని దాటబోతున్న నేరానికి చంపుతామని బస్తాలకొద్దీ ఉత్తరాలు అందుకుంటూ ఆడినవాడు ఆరన్.

7. ఎదుటివాడి తండ్రి చూసిన ఆటగాణ్ణి తిట్టకండి

అప్పుడు అది ఆట మీద వాదన కాదు. కాఫీ తాగి లేవండి.

8. పిల్లల లెక్కలను వెక్కిరించకండి

2012లో డెట్రాయిట్ మిగెల్ కాబ్రెరా సగటు, హోమ్ రన్‌లు, రాబట్టిన పరుగులు మూడింటిలోనూ లీగులో మొదటివాడయ్యాడు. 1967 తర్వాత ఎవరూ చేయని పని. అదే ఏడాది మైక్ ట్రౌట్ అనే కొత్త కుర్రాడు 30 హోమ్ రన్‌లు, 49 దొంగిలించిన బేస్‌లు, పైగా మధ్య మైదానంలో కంచె ఎక్కి మరీ బంతులు లాక్కున్నాడు. ఆ ఏడాది లీగులో ఉత్తమ ఆటగాడి బహుమతి ఎవరికన్న గొడవలో ట్రౌట్ పక్షంవాళ్లు ‘వార్’ అనే లెక్క తెచ్చారు. ఇతని బదులు చౌకగా దొరికే ఎవడో ఒకణ్ణి ఆడిస్తే జట్టు ఎన్ని గెలుపులు పోగొట్టుకుంటుంది అన్నది దాని సారాంశం. బ్యాటింగుతో పాటు పరుగు, ఫీల్డింగు కూడా అందులోకి వస్తాయి. దాని ప్రకారం ట్రౌట్ చాలా ముందు. విలేకరుల ఓట్లు మాత్రం కాబ్రెరాకే పడ్డాయి.

నా వయసు చూసి అందరూ నన్ను కాబ్రెరా పక్షంలో వేశారు. నా ఓటు ట్రౌట్‌కి. లెక్క చూసి కాదు, ఎదుటివాడి హోమ్ రన్ ఆపినవాడు మనకో పరుగు తెచ్చినట్టేనని కళ్లకు కనపడుతూనే ఉంది. కుర్రాళ్ల లెక్క ఆ కనపడేదానికి అంకె వేసింది, అంతే. అయితే ఫీల్డింగుకు ఒక్కో లెక్కలవాడు ఒక్కో అంకె ఇస్తాడు, అది గుర్తుంచుకుని దశాంశ స్థానాల మీద కొట్టుకోవడం మానితే మంచిది.

9. ఎవరు గొప్ప అని అడిగితే తప్పించుకోకండి, ఒక పేరు చెప్పండి

“ఏ కాలానికి ఆ కాలమే” అని తప్పుకునేవాళ్లతో వాదన రుచించదు. నేను విల్లీ మేస్ అంటాను. 660 హోమ్ రన్‌లు, 12 గోల్డ్ గ్లోవ్‌లు, సైన్యానికి ఇచ్చిన దాదాపు రెండు సీజన్లు. క్లీవ్‌లాండ్ మనిషి ఈ పేరు చెప్పకూడదు నిజానికి. 1954లో మా జట్టు 111 ఆటలు గెలిచి ప్రపంచ సిరీస్‌కి వెళ్లింది. న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో మొదటి ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, బేస్‌ల మీద ఇద్దరు మనవాళ్లు. విక్ వర్ట్జ్ కొట్టిన బంతి మధ్య మైదానంలో 420 అడుగులు దాటి పోతోంది. మేస్ వీపు ఇటు తిప్పి పరుగెత్తి, భుజం మీదుగా చూస్తూ పట్టి, టోపీ ఎగిరిపోతుండగా గిర్రున తిరిగి లోపలికి విసిరాడు. పరుగు రాలేదు. పదో ఇన్నింగ్స్‌లో వాళ్ల డస్టీ రోడ్స్ కుడివైపు గీత వెంట 260 అడుగులు కొట్టాడు. అక్కడ కంచె దగ్గర కనుక హోమ్ రన్. ఆ సిరీస్‌లో ఒక్క ఆట గెలవలేదు మేం.

మా మనవడిది షోహే ఒహ్తాని జెండా. 2024లో 54 హోమ్ రన్‌లు, 59 దొంగిలించిన బేస్‌లు. 2025 అక్టోబర్ 17న ఒకే ఆటలో ఆరు ఇన్నింగ్స్ విసిరి పదిమందిని స్ట్రైకౌట్ చేసి, తానే మూడు హోమ్ రన్‌లు కొట్టాడు. అది చూస్తూ నేనూ కుర్చీలోంచి లేచాను. “మేస్ ఎప్పుడైనా పిచ్చింగ్ చేశాడా తాతా?” అంటాడు వాడు. చేయలేదురా, సరే, వర్ట్జ్ కొట్టిన ఆ బంతికి మీ ఒహ్తాని అయితే ఎక్కడుండేవాడు? డగౌట్‌లో బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ చూస్తుండేవాడు.